సొట్టపోయిన సీసా

కారులో హెచ్చరిక లైటు వెలిగితే ముందు పెట్రోలు ట్యాంకు మూత చూడాలనే ఉపాయం నాదని మైదుకూరులో అంటారు. అది నాది కాదు.

ఫారిన్ కార్లు మావైపు అప్పుడప్పుడే కనిపిస్తున్న రోజులవి. కడప నుంచి వస్తుంటే, బస్సులో కోడుమూరు మెకానిక్ ఒకతను నా పక్కన కూర్చున్నాడు. చెన్నైలో ఆ కార్ల పని నేర్చుకుని వస్తున్నాడట. ఎన్నో ఏళ్లుగా మైదుకూరులో మెకానిక్ షెడ్డు నడుపుతున్న నన్ను ఆ పని నేర్చుకోమని ఎవరూ పిలవలేదు. కడుపు మండింది.

పెట్రోలు ఆవిరి లీకైనా ఆ కార్లలో హెచ్చరిక లైటు వెలుగుతుందని అతను చెప్పాడు. “ట్యాంకులో ఆవిరి లీకైతే కారుకెట్ల తెలుస్తాదప్పా? దానికేమన్నా ముక్కుండాదా?” అన్నాను.

అతను ఖాళీ నీళ్ల సీసాలో గాలిని నోటితో పీల్చి, మూత బిగించాడు. సీసా సొట్టపోయింది. “కారు గూడా ట్యాంకును మూసి ఇట్లే పీలుస్తాదన్నా. సొట్ట నిలిస్తే లీకు లేనట్టే. గాలి దూరిందంటే యాడో సందుండాదని లైటేస్తాది.”

అతను కండక్టరుతో మాట్లాడుతుండగా సీసా మూత కొంచెం వదులు చేశాను. సీసా ఉబ్బింది. “ఏమప్పా, నీ చదువింతేనా?” అన్నాను.

అతను మూత తాకి చూసి నవ్వాడు. “శానా కార్లకు ఇదే జబ్బన్నా. పెట్రోలు పోయించుకొని మూత సరిగ్గా బిగించరు.”

మైదుకూరులో దిగేటప్పుడు అతని పేరు అడగబోయి ఆగిపోయాను. తెలిస్తే, నలుగురికీ చెప్పాల్సి వస్తుందనిపించింది.