తలుపు బయటి మనిషి

నా చిన్నప్పుడు సోమేనహళ్ళికి ఎద్దులబండిలో పోవడానికి ఎంత తహతహలాడానో చెబితే మా మనవరాళ్లు పకపకా నవ్వుతారు. నవ్వనీ. ఆ రోజు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అప్పుడింకా మైసూరు మహారాజుల పాలన. మా తాతయ్యకు చింతామణిలో బట్టల అంగడి. పెద్దమనిషని, ఖైదీల్లో ఎవరిని ముందుగా విడిచిపెట్టవచ్చో సర్కారుకు చెప్పే కమిటీలో ఆయన్ని కూడా వేశారు. సోమేనహళ్ళి రైతు ఒకడు బావినీళ్ల వంతు తగాదాలో పక్కపొలం ఆయన కాలు విరగ్గొట్టి జైలుకు పోయాడు. విడిచిపెట్టమన్న అతని అర్జీని కమిటీ అంతకుముందు కొట్టేసింది. అతన్ని పిలవనూ లేదు, కారణం చెప్పనూ లేదు. మళ్ళీ అర్జీ వచ్చింది. ఈసారి దెబ్బతిన్నాయన్నే అడిగి వద్దామని తాతయ్య బండి కట్టించాడు.

నేనూ వస్తానని పట్టుబట్టాను. తాతయ్య ఇంట్లోవాళ్లందరినీ నడవలో కూర్చోబెట్టి, నన్ను బయటికి పంపి గడియ వేశాడు. లోపల నా మీద విచారణ.

"పోయినేడు మురుగమల్ల ఉరుసులో తప్పిపోయింది కదా, మళ్ళా యాడని వెతికేది?" అంది అవ్వ. అత్తా, చిన్నాన్నా అదే పాట. బయట నేను అన్నీ వింటూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఏడాది పెద్దదాన్నయ్యానని ఒక్కరికీ గుర్తులేదు. భలే కోపం వచ్చింది.

తాతయ్య గడియ తీసి నన్ను లోపలికి పిలిచాడు. "ఇంతమంది మాట్లాడినారు, దీన్ని ఎవరన్నా అడిగినారా? ఏం పాపా, తప్పిపోతే ఏం చేస్తావు?"

"ఉన్నచోటే నిలబడి నీ పేరు చెప్పి అరుస్తా తాతా."

అవ్వకు నవ్వాగలేదు. బండెక్కిన నా సంబరానికి పట్టపగ్గాలు లేవు.

సోమేనహళ్ళి బావి దగ్గర ఖైదీ భార్య ఎద్దులు తోలుతూ కపిల తోలుబానతో నీళ్లు తోడుతోంది. కాలు విరిగినాయన గట్టున కూర్చుని మళ్లకు నీళ్లు మళ్లిస్తున్నాడు. రెండు పొలాలకూ ఆమే తోడుతోందట.

"వాడొస్తే నీకు భయమాప్పా?" అని తాతయ్య అడిగాడు. ఆయన గట్టుమట్టి సర్ది తలెత్తాడు.

"భయం లేదప్పా, కోపముండాది. అయినా ఆయమ్మ ఒక్కతే ఎన్నాళ్లు తోలుతాది? పంపియ్యండి. నా మడికి కూడా వాడే నీళ్లు తోడల్ల."

తాతయ్య ఆ మాట కమిటీకి చెప్పి, ఖైదీని పిలిచి అడిగేదాకా లేచేది లేదన్నాడట. "కాగితంలో వాడు కర్రెత్తిన దినమే ఉండాది. తక్కిన దినాలు వాడి నోట వినల్ల కదా?" అన్నాడట. పిలిచారు, విన్నారు, విడిచిపెట్టారు. ఆ తర్వాత, కాదనాల్సి వచ్చినా మనిషిని పిలిచి కారణం చెప్పడం ఆ కమిటీకి అలవాటైంది.

విడుదలైన మనిషి భార్యతో మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడిపోయాడు. నేనే పరుగెత్తి తలుపు బార్లా తీశాను. లోపలికి రాప్పా అని పిలిచింది కూడా నేనే.

ఇప్పటికీ మా ఇంట్లో, ఎదుట లేని మనిషి తప్పుల మీద నలుగురూ తీర్పు మొదలుపెడితే, గడియ తీయడానికి నా చెయ్యి దానంతటదే పోతుంది.