పెదనాన్న పంచె మీద నీలి మచ్చ

ఒక్క సీసా అయోడిన్‌తో మా పెదనాన్న కొంప ముంచిన ఘనుణ్ని నేను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మీద కాదు, ఆనాడు బి.ఎస్సీ. చదువుతున్న నా మీద.

మైపాడులో ఆ ఉదయం జాలర్ల సొసైటీకి అధ్యక్షుణ్ని చేతులెత్తి ఎన్నుకోవాలి. మూడుసార్లు ఓడిన పెదనాన్న నాలుగోసారి నిలబడ్డాడు. గంజి పెట్టి అప్పడంలా నిలిచిన పంచె కట్టి బయల్దేరుతూ పడవ అంచుకు మోకాలు కొట్టుకున్నాడు. అడక్కుండానే వైద్యం చేశాను. మందు సగం మోకాలికి, సగం పంచెకు పట్టింది. గంజికి అయోడిన్ తగిలి సిరాబుడ్డి ఒలికినంత నీలం.

"ఏందిరా ఇది?"

"ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ కాంప్లెక్స్, పెదనాన్నా."

"దాని ఇంటిపేరు నాకెందుకురా? పొయ్యేదెట్ట?"

రెండో పంచె తడిగా దండెం మీదుంది. నాకు పరీక్షలో ప్రశ్న గుర్తొచ్చింది: ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ కాంప్లెక్స్‌ను ఆల్కైన్‌తో పోల్చుము. మన కార్బైడ్ దీపంలో మండే ఎసిటిలీన్ ఆల్కైనే. బ్రోమిన్ నీళ్లలోకి పంపితే ఆ నీళ్ల రంగు పోతుంది. ఈ నీలమూ వేడికి పోతుంది. కాబట్టి రెండూ ఒకటేనని రాసి వచ్చాను. మార్కులు ఇంకా రాలేదు గనక ధైర్యంగా ఉన్నాను.

పంచెను ఇడ్లీ కుండ ఆవిరికి పట్టాను. మచ్చ మాయం.

"చదువుకున్నోడు ఇంట్లో ఉండాలబ్బా," అంది పెద్దమ్మ.

"తొడలు కాలతా ఉండాయి," అని తిడుతూనే పెదనాన్న దాన్ని కట్టుకుని నడిచాడు.

సొసైటీ షెడ్డు ముందు ఆయన నిలబడగానే చేతులు తాటితోపులా లేచాయి. లెక్క మొదలయ్యేలోగా సముద్రపు గాలికి పంచె చల్లబడింది. మోకాలికి జానెడు పైన నీలం తాపీగా తిరిగొచ్చింది.

"ఏందన్నా, పడవకు రంగేసి పంచెకు తుడుచుకున్నావా?" అన్నాడు ఎదుటి అభ్యర్థి రోశయ్య.

ఎత్తిన చేతులన్నీ నవ్వాపుకోవడానికి నోళ్లకు అడ్డం పోయాయి. గాల్లో మిగిలినవి రెండే. ఆ రెండూ నావి. నాకు ఓటు లేదు.

ఇంటికొచ్చాక పెదనాన్న తెడ్డు అందుకున్నాడు. "పోయిందన్నావే?"

"ఆల్కైన్ అయితే రంగును తనలో కట్టేసుకుంటుంది పెదనాన్నా, మళ్లీ రాదు. ఇక్కడ గంజీ అయోడినూ ఊరికే ఆనుకుని ఉంటాయి. వేడికి విడిపోతాయి, చల్లబడితే కలుసుకుంటాయి."

"ఆ తేడా నీకు ముందే తెలిసుంటే?"

"పరీక్ష పాసయ్యేవాణ్ని."

ఆ తెడ్డు దెబ్బకూ నేనే అయోడిన్ రాసుకున్నాను.

కనుక సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎంతటి పెద్దమనిషికి ఎంత రక్తం కారుతున్నా, ముందు పంచె విప్పిస్తాను. ఆ తర్వాతే సీసా మూత తీస్తాను.