ఒప్పుకోని మనిషి

కళ్లద్దాల షాపు ఆయనకు నోట్లో నాలుక లేదని కన్నతల్లే అనేది. అద్దం అరగదీసి, ఫ్రేములో బిగించి, వచ్చినవాళ్ల ముక్కు మీద పెట్టి, "ఇప్పుడెలా ఉంది?" అనడం తప్ప పగలంతా పెద్దగా మాట్లాడడు. అలాంటి మనిషిని చూసి వీధి వీధంతా ఎందుకు జంకుతుందో ఆయనకు చాలాకాలం అంతుపట్టలేదు.

పక్క మేడ కింద సాయంత్రాలు క్యారమ్స్ ఆడతారు. షాపు మూసి ఆయన అటు వెళ్లేసరికి మాటలు సద్దుమణిగేవి. మర్యాదగా పక్కకు జరిగేవాళ్లు గానీ ఆటకు మాత్రం పిలిచేవాళ్లు కాదు. ఏ కాయ ఏ మూలకు పడుతుందో మనసులోనే లెక్కగట్టుకుని ఇంటిదారి పట్టేవాడు. ఒక్కసారైనా ఆ బోర్డు ముందు కూర్చోవాలని ఆయన కోరిక.

ఓరోజు అద్దాలు మార్చుకోవడానికి వచ్చిన వడ్రంగి ధైర్యం చేశాడు. రోజూ ఆడేవాళ్లలో అతనొకడు.

"ఏమనుకోకన్నా. వదిన్ని మరీ అంత కట్టడి చేస్తే ఎలా?"

"నేనా?"

"మా చెల్లి కర్టెన్లు ఊరికే కుట్టిపెట్టమంటే నువ్వు ఒప్పుకోలేదట. కుట్టుమిషను ఇవ్వడానికీ ఒప్పుకోలేదట. మీ మేడమీదావిడ ఊరెళ్తూ పిల్లిని చూడమంటే దానికీ వద్దన్నావట. పిల్లి నిన్నేం చేసిందన్నా?"

ఆయనకు పిల్లులంటే ప్రాణం.

ఇంటికెళ్లేసరికి భార్య గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, కుట్టుకూలికి వచ్చిన కర్టెన్ అంచు మడుస్తోంది.

"నేను పిల్లిని వద్దన్నానా?"

ఆవిడ తాపీగా సూదులు తీసింది. "అన్నారు. చాలా గట్టిగా అన్నారు."

ఆయనకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. "నీకిష్టం లేదని చెప్పొచ్చుగా?"

"నేనంటే గర్వం అంటారు. మా ఆయన ఒప్పుకోరంటే పాపం అంటారు. ఒకావిడైతే టీ ఇచ్చి మరీ ఓదార్చింది."

"నీకు టీ వచ్చింది, నాకు ఆట పోయింది."

ఆవిడ చెయ్యి ఆగింది. "రోజూ అక్కడ నిలబడేది క్యారమ్స్ కోసమా? కాళ్లు సాగడానికి అనుకున్నాను."

మర్నాడే మేడమీదావిడ దిగి వచ్చింది. ఈసారి సోఫా గలీబులు, అవీ ఊరికే. భార్య అలవాటుగా ఆయన వైపు చూసింది. మళ్లీ చూపు తిప్పుకుంది.

"కుట్టనండీ. ఆయన్ని అడగాల్సిన పని లేదు. నాకే ఇష్టం లేదు."

మేడమీదావిడ ఆయన వైపు తిరిగింది. ఆయన గొంతు సవరించుకుని, "పిల్లిని మాత్రం ఎప్పుడైనా వదిలి వెళ్లండి" అన్నాడు.

ఆవిడ మూతి ముడుచుకుని మెట్లెక్కింది. కొన్నాళ్లు ముఖం తిప్పుకుంది. ఇంటికి వచ్చిన నష్టం అంతే. వీధిలో మాత్రం మాట మారింది: ఆవిడే గట్టిది, పాపం ఆయన వట్టి మెతక.

ఆ సాయంత్రాల్లోనే ఒకనాడు వడ్రంగి కుర్చీ జరిపాడు. "కూర్చో అన్నా."

మొదటి దెబ్బకే స్ట్రైకర్ వెళ్లి మూలలో పడింది.

"ముందు నీ అద్దాలు మార్చుకో అన్నా" అన్నాడు వడ్రంగి. అందరితో పాటు ఆయనా నవ్వాడు.

చేతివేళ్లకు అంటిన బోర్డు పౌడరుతోనే ఇల్లు చేరాడు. భార్య ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉంది.

"మా అన్నయ్య. వాళ్ల పాత సామానంతా మన ముందుగదిలో పెట్టుకుంటాడట. ఊరందరికీ వద్దని చెప్పగలను గానీ వీడికి నావల్ల కాదండీ."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే, చెప్పు. నేను ఒప్పుకోను."