మా వదినె దాచని మాట

పొద్దున కుట్టుమిషన్ దుకాణం తెరుస్తుంటే సిరిసిల్ల నుంచి మా అవ్వగారింటి పక్కింటామె ఫోన్ చేసింది. "మీ వదినె లేస్తలేదు పిల్లా, జల్ది రా" అన్నది. సుల్తానాబాద్ నుంచి నేను పోయేసరికి డాక్టర్ వచ్చి చూసి పోయిండు. నిద్రలనే గుండె ఆగిందని చెప్పిండట. వాకిట్ల కూసున్నోళ్ళు నన్ను చూడంగనే ఒక్కటే అడిగిన్రు: "ఆ జబ్బుతోనేనా?"

కాదు. ఆ జబ్బుతోని ఆమె ఎన్నో ఏండ్లు మంచిగనే బతికింది. మందులు ఒక్క పూట తప్పలే. కాని అది ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవ్వరూ అడగలే. మా ఇంట్ల నుంచే వచ్చింది. అందుకే ఇది రాస్తున్న.

మా అన్న భీవండిల మగ్గాల మీద పనిచేసేటోడు. పండుగలకు వచ్చి పోయేటోడు. ఆఖరుకు పుల్లలెక్క ఎండిపోయి వచ్చిండు. తనకు హెచ్ఐవి ఉన్నదని అతనికి ముందే తెలుసు. వదినెకు చెప్పలే. అతను పోయే ముందు డాక్టర్లు చెప్తేనే మాకు తెలిసింది. ఆమెకు పరీక్ష చేస్తే ఆమెకూ ఉన్నది. వాళ్ళ బాపు తీసుకపోతానని వస్తే, "అత్తమ్మను ఎవరు చూస్తరు?" అని మా అవ్వ దగ్గర్నే ఉండిపోయింది. పొద్దంతా మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంట, అవ్వకు కాలు చెయ్యి పడిపోయినంక కడిగి, తినిపించి, కడదాకా చూసింది.

అన్న పోయిన సంది తన చాయ గ్లాసు వేరేగ పెట్టుకున్నది. పెట్టుకొమ్మని ఎవ్వరం చెప్పలే. వద్దని కూడ ఎవ్వరం అనలే.

ఒకనాడు నేనే ఆగలేక, "ఒక్కసారన్న అన్నను తిట్టు వదినె" అన్న. ఆమె బియ్యంల రాళ్ళు ఏరుకుంటనే, "తిడితే వింటడా?" అని నవ్వింది. తిట్టి ఉంటే నాకు జర తేలికయ్యేదేమో.

అవ్వ పోయినంక ఒకసారి పోయి చూస్తే వదినె ముఖం తెల్లగ పాలిపోయి ఉన్నది. గోడ పట్టుకుని నడుస్తున్నది. అడిగితే మాట దాటేసింది. దండెం మీద నల్లచీరెలే ఆరేసి ఉన్నయి. గట్టిగ అడిగితే అప్పుడు చెప్పింది, నెలసరి ఆగుతలేదని, ఏడాది నుంచీ గట్లనే ఉన్నదని. "అత్తమ్మను లేపి కూసోబెట్టే యాళ్ళ నా ముచ్చట ఎందుకని ఊకున్న" అన్నది.

కరీంనగర్ల ఒక నర్సింగ్ హోంకు తీసుకపోయిన. గర్భసంచిల గడ్డలున్నయి, తీసెయ్యాలె అన్నరు. ఎప్పుడు చేసేది కూడ చెప్పిన్రు. అప్పుడు వదినె, "మేడం, నాకు హెచ్ఐవి ఉన్నది. మందులు వాడుతున్న" అన్నది. డాక్టర్ లోపలికి పోయింది, మళ్ళ రాలే. కొద్దిసేపటికి నర్సు వచ్చి, "మత్తు డాక్టర్ ఊళ్ళె లేడు. హైదరాబాద్ తీసుకపోండి" అన్నది. మేము లేవంగనే ఒకామె వచ్చి వదినె కూసున్న కుర్చీని తుడిచింది.

అక్కడి నుంచి సర్కారు దవాఖానకు పోయినం. బయట బల్ల మీద కూసున్నప్పుడు నేను ఆమె చెవుల మెల్లగ అన్న, "ఇక్కడ చెప్పకు వదినె. ముందుగాల ఆపరేషన్ కానీ, తర్వాత చెప్దాం." వాళ్ళు చేసే రక్తపరీక్షల ఎట్లన్న తెలుస్తదని నాకు తోచనే లేదు.

వదినె నా దిక్కు చూసింది. కోపంగ కాదు.

"మీ అన్న గూడ గట్లనే అనుకున్నడు పిల్లా. తర్వాత చెప్దామనుకున్నడు" అన్నది. కొంగు సర్దుకుని, "లోపల కత్తులు, సూదులు పట్టేటోళ్ళకు తెల్వద్దా? ఎవ్వరికన్న గుచ్చుకుంటే వెంటనే మందు మింగాలె గదా. వాళ్ళకూ పిల్లలుంటరు" అన్నది.

నాకు తల ఎత్తబుద్ధి కాలే. మా అన్న చేసిందే ఆమెను చెయ్యమన్న.

లోపల డాక్టరమ్మ అంతా విని, పాత రిపోర్టులు చూసి, "మందులు మంచిగ వాడుతున్నవు. రక్తం తక్కువున్నది, అది ఎక్కించినంక ఆపరేషన్ చేస్తం. అందరికీ తీసుకునే జాగ్రత్తలే నీకూ తీసుకుంటం, ఫికర్ చెయ్యకు" అన్నది. వదినె అప్పటిదాకా ఏడ్వలే. అప్పుడు ఏడ్చింది.

ఆపరేషన్ అయినంక నన్ను పిలిచి, తీసిన గర్భసంచిని ట్రేల చూపించిన్రు. గడ్డలతోని ఉబ్బిపోయి ఉన్నది. వదినెకు పిల్లలు కాలే. అన్న బతికున్నప్పుడు బిడ్డ కోసం కొండగట్టుకు, వేములాడకు తిరిగేది. రోగం బయటపడ్డ సంది ఆ ముచ్చటే ఎత్తలే. "చూసినవా అమ్మా?" అని నర్సు అడిగితే, "చూసిన" అన్న.

తెలివికి వచ్చినంక వదినె అడిగింది, "ఎట్లున్నది?"

"పెద్దగనే ఉన్నది."

"గదా! నేను ఉత్తగనే నీరసపడలే" అని కండ్లు మూసుకుని నవ్వింది.

తర్వాత ఆమె ముఖంల రక్తం కనబడ్డది. మందుల కోసం పోయినప్పుడు తనలాంటి ఆడోళ్ళు ఎవరన్న ఆపరేషన్‌కు భయపడితే వెంట పోయేది. మంథని ఆమె అని, ఆదిలాబాద్ దిక్కు ఆమె అని నాకు ముచ్చట చెప్పేది. "చెప్పు బిడ్డా, నేను పక్కన్నే ఉంట" అనేదట వాళ్ళతోని. నేను మాత్రం మిషన్ పని ఉన్నదని ఒక్కసారి కూడ ఆమె వెంట పోలే.

వదినె పోయిన రోజు ఆఖరు తానం పోసే యాళ్ళకు మా వాళ్ళంతా గోడ పొంటి నిలబడ్డరు. ఎవ్వరూ ముందుకు రాలే. నేను బకెట్ తెచ్చి ఎట్ల మొదలుపెట్టాల్నో తెల్వక నిలబడ్డ. అప్పుడే ఒకామె ఆటో దిగి నేరుగ లోపలికి వచ్చింది. నేనెప్పుడూ చూడలే.

"జమ్మికుంట నుంచి వచ్చిన. ఆపరేషన్ అయినప్పుడు నాకు తల దువ్వింది ఈమెనే" అన్నది. బకెట్ల చెయ్యి పెట్టి, "చల్లగున్నయి. జర కాగబెట్టుండ్రి" అన్నది.

కాగబెట్టి తెచ్చిన. ఆమె గాజులు పైకి తోసుకుని, కింద కూసుని, వదినె తల ఒళ్ళె పెట్టుకున్నది. నేను చెంబుతోని పోస్తున్న. గోరువెచ్చని నీళ్ళకు వదినె జుట్టు మెల్లగ విప్పుకుని, ఆ పరాయామె మోకాళ్ళ మీద పరుచుకున్నది.