కల్యాణమండపం గేటు దగ్గర దుర్యోధనుడు

పోయిన నెల మదనపల్లెలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లికి వెళ్లాను. కల్యాణమండపం ముందు ఆటో దిగి కుచ్చిళ్లు సర్దుకుని తలెత్తితే ఎదురుగా దుర్యోధనుడు పన్నీరు చల్లుతూ నిలబడి ఉన్నాడు. ఈ మధ్య మా వైపు పెళ్లిళ్లలో ఇదొక కొత్త ముచ్చట. వచ్చినవాళ్లను పలకరించడానికి అత్తయ్యలూ బాబాయిలూ చాలరన్నట్టు ఈవెంట్ వాళ్లు వేషగాళ్లను తెచ్చి నిలబెడుతున్నారు. ఒక పక్క కృష్ణుడు, ఒక పక్క నారదుడు, మధ్యలో పాప్‌కార్న్ మిషను. పెళ్లికి దుర్యోధనుడు ఎందుకయ్యా అని అడిగే తీరిక ఎవరికీ లేదు, సెల్ఫీకి పనికొస్తే చాలు. నేనూ నవ్వుకుంటూ లోపలికి పోయేదాన్నే, ఆ కిరీటం కనిపించకపోతే. ఒంటి మీది బట్టలన్నీ అద్దెవి, ప్లాస్టిక్ తళుకులవి. కిరీటం మాత్రం చెక్కది. ఎర్రరంగు మీద అద్దం ముక్కలు పొదిగింది. ఎడమవైపు ఒక అద్దం రాలిపోయి ఉంది. అది రాలిన రోజు కుప్పంలో మా డిపార్ట్‌మెంటు మెట్ల మీద నేనూ ఉన్నాను. ఇక రంగుల కింది ముఖాన్ని పోల్చుకోవడానికి ఎంతసేపు కావాలి? నాకంటే ముందు వాడే పలికాడు. "అక్కా, బాగుండావా? నేను నిన్ను ఆటో దిగతానే పట్టేస్తిని."

వాడు యూనివర్సిటీలో నాకు ఒక ఏడాది జూనియర్. పుంగనూరు దగ్గర పల్లె, ఇంట్లో పాడి ఆవులు. తెల్లవారే పాల క్యాన్లు బస్సుకెక్కించి, అదే బస్సులో కాలేజీకి పోయి డిగ్రీ చదువుకుని, ఎమ్మేకి కుప్పం వచ్చి రంగస్థల కళల్లో చేరాడు. కొడుకు ఏం చదువుతున్నాడో వాళ్లమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "ఏదో పెద్ద సదువే" అని ఊరుకునేదట. మా ఇంట్లో మాత్రం అందరికీ బాగా అర్థమైంది, అదే నా ఖర్మ. బీఎస్సీ పాసైన పిల్ల డ్రామాలు చదవడమేమిటని మా పెద్దమ్మ ఏడాది పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మా నాటకాల్లో నేను ద్రౌపది, వాడు దుర్యోధనుడు. సభలో అందరి ముందూ తొడ చరిచి నన్ను పిలిచినవాడు తెర దాటి ఇవతలికి రాగానే "అక్కా, టీ తాగుతావా?" అనేవాడు. వాడి గొంతుకు పక్క బిల్డింగులో క్లాసులు ఆగిపోయేవని మేం గొప్పగా చెప్పుకునేవాళ్లం. నిజంగా ఆగిపోయాయో లేదో ఎవరూ పోయి చూడలేదు.

మాకు వీధినాటకం నేర్పిన పెద్దాయనను అందరం అయ్యోరనే పిలిచేవాళ్లం. మా జిల్లాలో భారతం ఉత్సవాలంటే ఊరంతా రోజుల తరబడి భారతం విని, భారతం ఆడి, చివరికి మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి పడగొట్టేదాకా నిద్రపోదు. అలాంటి ఊళ్లలో తిరిగి తిరిగి పండిన మనిషి ఆయన. ఆయన దగ్గర అన్నిటికీ మినహాయింపులున్నాయి గానీ ఒక కట్టుబాటుకు మాత్రం లేదు. కిరీటం కట్టుకున్నాక తల వంచకూడదు. ఎవరి ముందు వంచాలన్నా ముందు కిరీటం విప్పాలి. విప్పినదాన్ని నేల మీద పెట్టకూడదు, పక్కనున్న మనిషి చేతికివ్వాలి. మొదటిసారి కిరీటం కట్టిన రోజే మావాడు తెగిన చెప్పు తీసుకుందామని మెట్ల మీద వంగాడు. కిరీటం జారి కిందపడి అద్దం ఎగిరిపోయింది. అయ్యోరు తిట్టలేదు. కిరీటాన్ని కళ్లకద్దుకుని, దాన్ని వాడి చేతిలోనే పెట్టి, "వంగింది నువ్వు. దెబ్బ తగిలింది ఆ రారాజుకు" అన్నారు. ఆ మాటకు వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత వాడి నిష్ఠ చూసి మేమంతా నవ్వి చచ్చేవాళ్లం. నిమ్మనపల్లె వైపు ఒక ఊళ్లో ఆడినప్పుడు మాకు వేషాలు వేసుకోవడానికి ఒక గది ఇచ్చారు. దాని తలుపు మరీ పొట్టిది. కిరీటం కట్టి బయటికొచ్చాక గద లోపల మరిచిపోయానని గుర్తొచ్చింది మావాడికి. ఎవరినైనా తెమ్మంటే సరిపోయేది. వాడు మెడ నిటారుగా పెట్టుకుని, గొంతుక్కూర్చుని, బాతు నడక నడుస్తూ లోపలికి పోయి గద పట్టుకుని మళ్లీ అలాగే బయటికొచ్చాడు. అరుగు మీది ముసలమ్మలు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. అయ్యోరు మాత్రం నవ్వలేదు. కోర్సు అయిపోయి వాడు వచ్చేసేటప్పుడు ఆ కిరీటాన్ని ఆయన వాడికే ఇచ్చేశారు.

తర్వాత ఏమైంది? ఏమవుతుంది, అందరికీ తెలిసిందే అయింది. మా బ్యాచ్‌లో అందరికంటే బాగా మద్దెల వాయించే అబ్బాయి హార్స్లీ హిల్స్ మీద ఒక రిసార్టులో చలిమంట దగ్గర టూరిస్టుల చప్పట్లకు తాళం వేస్తున్నాడు. ఇంకొకామె ప్రైవేటు స్కూలు యానివర్సరీలకు పసిపిల్లల చేత సినిమా స్టెప్పులు వేయిస్తోంది. నేను బీఈడీ చేసి తెలుగు టీచరునయ్యాను గనుక బతికిపోయాను. అయినా ఫంక్షన్ వస్తే చాలు, "మేడం, మీరు డ్రామా మేడం గదా, పిల్లలకు మీసాలు దిద్దండి" అని పెన్సిల్ చేతికిస్తారు. ఇంజనీరింగ్ చదివి ఇంట్లో కూర్చున్న కుర్రాణ్ణి ఉద్యోగం వెతుక్కుంటున్నాడంటారు. మమ్మల్ని మాత్రం చెడిపోయారంటారు. పిల్లల చేత నాటకం ఆడించని స్కూలు లేదు, స్టేజీ లేకుండా మీటింగు పెట్టే నాయకుడు లేడు, మేళం లేని పెళ్లి లేదు. ఇన్ని కావాలి గానీ వాటిని చదువుకున్న మనిషి మాత్రం అక్కర్లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గేటు దగ్గర మావాడు పన్నీరు చల్లుతూనే తన సంగతులు చెప్పాడు. ముహూర్తాలున్నన్నాళ్లూ ఈ ఈవెంట్ పనే ఇంటికి ఆధారమట. కూతురు ఇంటరు పాసైందట. "మన కుప్పంలోనే సేరతానంటాది అక్కా, మన కోర్సులోనే. డిగ్రీ అయినాక సేరేదే గానీ, ఇంట్లో ఇప్పుట్నించే దినామూ గొడవ. నేనేం సెప్పాల్నో తెల్దు" అన్నాడు. అంతలోనే ఈవెంట్ మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. మగపెళ్లివారి తరఫు పెద్దమనిషి ఎవరో వస్తున్నాడట. "సారు కారు దిగతానే నువ్వు పొయ్యి కాళ్లకు మొక్కల్ల. రాజే మొక్కినట్లుండల్ల, వీడియో అదిరిపోతాది" అన్నాడు.

కారు వచ్చి ఆగింది. మావాడు గడ్డం కింది ముడి విప్పి, రెండు చేతులతో కిరీటం ఎత్తి, "రోంత పట్టుకోక్కా" అని నా చేతుల్లో పెట్టాడు. ముందుకు పోయి ఆ పెద్దమనిషి కాళ్లకు నిండుగా వంగి మొక్కాడు. కెమెరా పట్టుకున్నాయన అరిచాడు, కిరీటమేదీ అని. బోడి తల దుర్యోధనుడితో వీడియో దేనికి పనికొస్తుంది? మేనేజరు నా చేతుల్లోని కిరీటం చూపించి, అది పెట్టుకుని ఇంకోసారి మొక్కమన్నాడు. పెద్దమనిషి కూడా నవ్వుతూ ఆగాడు, మొక్కించుకోవడానికి ఆయనకు తొందరేమీ లేదు.

"ఎన్నిసార్లు మొక్కమన్నా మొక్కుతా సార్, నాకేం నామోషీ ల్యా" అన్నాడు మావాడు నెమ్మదిగా. "అది తల మీద ఉన్నెప్పుడు మాత్రం వంగలేను."

"అంత రోషముంటే ఈ పనికి యాల వస్తివప్పా? పో, ఇంగ రావద్దు" అన్నాడు మేనేజరు.

నేను ఊరుకోవాల్సింది. ఆడపెళ్లివారి మనిషిని, పట్టుచీరలో ఉన్నాను, పైగా టీచరును. ఊరుకోలేదు. "దుర్యోధనుని కత యానాడన్నా విన్నావా నువ్వు? తల వంచే దుర్యోధనుడు గావాలంటే ఇంగో భారతం రాసుకోపో!" అని గేటు అదిరేట్టు అరిచాను. ద్రౌపది గొంతు ఇన్నేళ్లూ ఎక్కడుందో, సరిగ్గా ఆ సమయానికి వచ్చింది. కొందరు ఇది కూడా ప్రోగ్రామేననుకుని ఫోన్లు ఎత్తారు. పెద్దమనిషి ముఖం మాడ్చుకుని లోపలికి పోయాడు. మా పెద్దమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఎవురో డ్రామావోని కోసరం పెండ్లిలో ఈ రచ్చేంది తల్లీ?" అంది. "ఎవురో కాదు పెద్దమ్మా, నా తమ్ముడు. నేనూ డ్రామాదాన్నే" అన్నాను. మళ్లీ ఏడాది పాటు మాట్లాడదేమో. మాట్లాడకపోతే మానె.

మావాడు జనరేటరు వెనక అద్దె బట్టలు విప్పి అప్పగించి, ప్యాంటూ షర్టూ తొడుక్కుని వచ్చాడు. చెవుల వెనక రంగు ఇంకా మిగిలే ఉంది. పోయింది ఒక్క పూట పని కాదని, ఈ ముహూర్తాలన్నీ పోయాయని ఇద్దరికీ తెలుసు. కోపమంతా నాకే గానీ వాడికి లేదు. "పోనీలే అక్కా. నువ్వుండావు గాబట్టి సరిపాయ, ల్యాకపోతే దీన్ని ఎవురి సేతికిచ్చేది?" అన్నాడు. బస్టాండు దాకా వాడితో నడిచాను. నాకు భోజనం మీద మనసు లేదు, లోపల మొక్కించుకున్నవాళ్ల పంక్తిలో కూర్చోవాలనీ లేదు. పుంగనూరు బస్సు కదలబోతుంటే కిటికీలోంచి మళ్లీ అడిగాడు, "బిడ్డకు ఏం సెప్పేదక్కా?"

వద్దని చెప్పడానికి నా దగ్గర కావలసినన్ని కారణాలున్నాయి. పైన రాసినవన్నీ అవే. కానీ నోటికి వచ్చింది వేరు. "సేర్పించప్పా. పట్టుకునేదానికి ఇంగొక మనిషి గావాల గదా" అన్నాను. వాడు నవ్వాడు. తువ్వాలులో చుట్టిన కిరీటాన్ని ఒళ్లో పెట్టుకుని, పక్కసీటువాళ్ల మోచెయ్యి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కుప్పం మెట్ల మీద రాలిన ఆ ఒక్క అద్దం తప్ప రెండోది రాలలేదు. ఇన్నేళ్ల కాలమూ మా మీదుగా నడిచిపోయింది గానీ, ఆ కిరీటం మీదుగా పోవడానికి మాత్రం వాడు ఒప్పుకోలేదు.