కొలతబొమ్మలో దూది

టేపక్కకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. కానీ ఇరవై ఏళ్లుగా మెడలో టేపు వేసుకుని తిరిగే మనిషిని ఆ పేరుతో ఎవరు పిలుస్తారు? చెల్లెలొక్కతే అప్పుడప్పుడూ పిలిచేది, అదీ అలిగినప్పుడు.

ఆమె కుట్టేవి అందరు దర్జీలూ కుట్టే బట్టలు కావు. బాగా లావుగా ఉండి సగానికి సగం తగ్గినవాళ్లకి పొట్ట మీదా, నడుము పక్కలా చర్మం వేలాడుతుంది. డాక్టర్లు దాన్ని కోసేసి, మిగిలినదాన్ని లాగి కుట్టేస్తారు. ఆ తర్వాత ఆరు వారాలో, రెండు నెలలో ఆ ఒంటిని అదిమిపట్టి ఉంచడానికి సాగే బట్టతో ఒక తొడుగు కావాలి. డాక్టర్లు దాన్ని కంప్రెషన్ గార్మెంట్ అంటారు, పేషెంట్లు బెల్టు అంటారు. బెల్టు అన్నప్పుడల్లా టేపక్క మొహం ముడుచుకుంటుంది. "బెల్టు ప్యాంటు జారకుండా పెట్టుకునేదమ్మా. ఇది నీ తోలు మీద ఇంకో తోలు" అంటుంది.

ఆసుపత్రికి రెండు సందుల అవతల ఆమె షాపు. ముందు గదిలో రెండు మిషన్లు, కర్టెన్ వెనక కొలతల గది, దాని వెనక ఆమె కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి మొగుడి ఫోటో. వచ్చినవాళ్లందరూ అడిగేది ఒకటే, ఇంకో సైజు చిన్నది ఇవ్వమని. ఎంత బిగిస్తే అంత సన్నబడతామని వాళ్ల లెక్క. టేపక్కకి అరికాలి మంట నెత్తికెక్కేది సరిగ్గా అక్కడే.

"సన్నబడటం డాక్టరు కత్తితో అయిపోయింది. ఇది వాపుని పట్టి ఉంచడానికి, అంతే. అంచు కింద రెండు వేళ్లు దూరాలి. దూరకపోతే అది తొడుగు కాదు, ఉరి" అనేది. మొదటి వారాలకి ముందు వైపు హుక్కులున్నదే ఇచ్చేది, కాళ్లలోంచి పైకి లాక్కుంటే కుట్లు ఊడతాయని. కుట్టు మడతలన్నీ బయటికే పెట్టేది, లోపల పెడితే మెత్తబడ్డ చర్మం మీద గాట్లు పడతాయని.

ఇక ఆమె పని చేసే పద్ధతి ఒకటుంది. దాని గురించి చెప్పకపోతే ఈ కథే లేదు. పచ్చి కుట్ల మీద రోజూ టేపు తిప్పకూడదని ఆమె నియమం. కోసిన చోట చేరే నీరు పోవడానికి పెట్టిన డ్రెయిన్ గొట్టాలు తీసిన రోజున మనిషిని ఒక్కసారి కొలుస్తుంది. ఆ కొలతలకి ఒక కర్రబొమ్మకి దూది చుట్టి, పైన గుడ్డ తొడిగి, ఆ మనిషి పొట్టా నడుమూ తయారు చేస్తుంది. బొమ్మ పక్కన జానెడు చీలిక ఉంచి, దాన్ని హుక్కులతో మూస్తుంది. వాపు ఇంత తగ్గిందని నర్సు సోమవారం చెబితే, ఆ చీలికలోంచి అంత దూది తీస్తుంది. తొడుగు బిగించడమైనా, వదులు చేయడమైనా ఆ బొమ్మ మీదే. ఇరవై ఏళ్లలో ఏ బొమ్మా ఆమెకి అబద్ధం చెప్పలేదు.

ఆ ఏడు ఆమె చెల్లెలే పేషెంటు అయింది. చెల్లెలు ఒక ఆఫీసులో రికార్డుల గది చూసుకుంటుంది. చిన్నప్పటి నుంచీ బొద్దు. తొమ్మిదేళ్లప్పుడు అక్క ఆటకి 'మూట' అని పేరు పెడితే, అది ఇంట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి బడిలోకీ పాకింది. నలభై రెండేళ్లొచ్చినా చుట్టాలు మూటా అనే పిలిచేవాళ్లు. అలా పిలిస్తే చెల్లెలు నవ్వేసేది. నవ్వుతోంది కదా, బాధ లేదని అందరూ అనుకున్నారు. అందరికంటే ముందు టేపక్క అనుకుంది.

రెండేళ్లు నోరు కట్టుకుని, కాళ్లరిగేలా నడిచి, చెల్లెలు సగం మనిషయింది. ఆపరేషన్ చేయించుకుని అక్క ఇంట్లోనే దిగింది. టేపక్క ఆమెకి రెండు తొడుగులు కుట్టింది, ఒకటి ఉతికితే ఒకటి వేసుకోవడానికి. బొమ్మని కొలతల గదిలో నిలబెట్టింది. ఏ బొమ్మ ఎవరిదో తెలియడానికి మెడ దగ్గర చీటీ గుచ్చడం అలవాటు. అలవాటు చొప్పునే, ముద్దుగానే, చీటీ మీద 'మూట' అని రాసింది.

రోజూ తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా టేపక్క వార్డులో ఉండేది. అంతసేపూ ఇంట్లో చెల్లెలూ, బొమ్మా.

మొదట తేడా కనిపించింది ఒక బుధవారం. సోమవారం బొమ్మ మీద ఒళ్లంటి ఉన్న తొడుగు, వేలు దూరేంత వదులుగా వేలాడుతోంది. దూది అణిగి ఉంటుందిలే అనుకుంది టేపక్క. అణిగితే బొమ్మ కింద మెత్తగా దిగబడాలి గానీ, ఇది పొట్ట దగ్గర లోపలికి పోయింది. మనిషికి తగ్గినట్టు తగ్గింది. సరే, తగ్గిందే అనుకుని రెండు తొడుగులకీ పక్క కుట్లు ఒక వేలు లోపలికి వేసింది. చెల్లెలు వేసుకుని, "ఇప్పుడు హాయిగా ఉందక్కా" అంది.

శనివారానికి ఇంకో రెండు వేళ్లు. టేపక్క నేలంతా వెతికింది, ఒక్క దూది పీచు లేదు. ఎలుక కొరికిన జాడ లేదు. చీలిక హుక్కులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అప్పుడు ఆమెకి వచ్చిన ఆలోచన ఇంకెవరికీ రాదు, ఆ పని చేసి చేసి బుర్ర అలా తయారైన మనిషికి తప్ప. మనిషి తగ్గితే బొమ్మ తగ్గాలి. బొమ్మ తగ్గిందీ అంటే లోపల మనిషి తగ్గిపోతోంది. నర్సు చెప్పకముందే బొమ్మ చెబుతోంది. చెల్లెలు తనకి దక్కదేమో అనిపించింది. అంత భయంలోనూ చెయ్యి మాత్రం అలవాటు మానలేదు, కుట్లు ఇంకో రెండు వేళ్లు లోపలికి వేసింది.

"ఒక్కసారి టేపు పెట్టి చూడనివ్వవే" అని అడిగింది చెల్లెల్ని.

"పచ్చి కుట్లు కదా. నీ నియమమే కదక్కా."

టేపక్క టేపు మళ్లీ మెడలో వేసుకుంది.

ఆదివారం పొద్దున బొమ్మని గోడ వైపు తిప్పి, మీద దుప్పటి కప్పి వార్డుకి వెళ్లింది. తల లేని బొమ్మకి మొహమెక్కడిదని అడక్కండి. దాంతో పనిచేసేవాళ్లకి ముందేదో వెనకేదో తెలుస్తుంది. ఒంటిగంటకి వచ్చి చూస్తే దుప్పటి నాలుగు మడతలు పెట్టి స్టూలు మీద ఉంది. బొమ్మ వెనక గది గుమ్మానికేసి తిరిగి ఉంది, మంచం మీద పడుకున్నవాళ్లని చూస్తున్నట్టు. టేపక్క దుప్పటి ఎవరు తీశారని అడగబోయి, లోపలి నుంచి చెల్లెలి గొంతు వినపడి ఆగిపోయింది.

"ఇవాళ్టికి ఇంతే. రేపు ఇంకొంచెం" అంటోంది చెల్లెలు, మెల్లగా, పసిపిల్లని బుజ్జగించినట్టు. లోపలికి వెళ్లి చూస్తే చెల్లెలు తప్ప ఎవరూ లేరు. ఫోను చార్జింగ్‌కి పెట్టి దూరంగా ఉంది.

"ఎవరితోనే మాటలు?"

"ఎవరితోనూ కాదు."

ఆ సాయంత్రం ఆరింటికి, దీపాలు వేసే వేళకి, చెల్లెలు తనంతట తనే నోరు విప్పింది.

"అక్కా, పొద్దున లేవగానే నేను నేనుగా ఉంటాను. సాయంత్రమయ్యేసరికి అది తిరిగొస్తోంది."

"ఏది?"

"కోసి పారేశారే, అది. తొడుగు కింద మెల్లగా నిండుతోంది. నాకు తెలుస్తోంది."

"అది వాపే పిచ్చిదానా. పొద్దంతా కూర్చుంటే, తిరిగితే సాయంత్రానికి ఎవరికైనా నీరు దిగుతుంది. నెలల తరబడి ఉంటుంది."

"నువ్వు అలాగే అంటావు" అని చెల్లెలు గోడ వైపు తిరిగి పడుకుంది. నెల క్రితం ఆ మాట ఇంకెవరైనా చెబితే టేపక్క నవ్వేసి ఉండేది. ఆ పూట నవ్వు రాలేదు. కర్టెన్ అవతల ఉన్నదాని వైపు చూడకుండా స్టవ్వు దగ్గరికి వెళ్లింది.

మంగళవారం వార్డులో ఒక ఆవిడకి హుక్కులు పెడుతుంటే, నర్సు మాటల్లో మాటగా, "మీ చెల్లెల్ని నిన్న చూశాను, వాపు ఏమీ తగ్గలేదు. కానివ్వండి, మామూలే" అంది. ఏమీ తగ్గలేదు. టేపక్క చేతిలో హుక్కు అలాగే ఆగిపోయింది. మనిషి తగ్గకుండా బొమ్మ తగ్గింది. తనేమో బొమ్మని నమ్మి, తగ్గని మనిషి మీద మూడు వేళ్లు బిగించింది. ఆవిడ హుక్కులు నర్సుకి అప్పజెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

కొలతల గదిలో చెల్లెలు స్టూలు మీద బొమ్మకి ఎదురుగా కూర్చుని ఉంది. బొమ్మ పక్క చీలికలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉంది. ఒళ్లో ఆఫీసు సంచీ, దాని నిండా దూది. పెదాలు తెల్లగా పాలిపోయాయి, కాలి వేళ్లు నీలంగా ఉన్నాయి. టేపక్క చొక్కా ఎత్తి చూసింది. ఒకదాని మీద ఒకటి, రెండు తొడుగులూ వేసుకుని ఉంది.

"ఇంకొంచెమే ఉందక్కా" అంది చెల్లెలు. "ఇది అయిపోతే అదిక రాదు."

"లే. మంచం మీదికి పద."

"కాళ్లు తెలియడం లేదు."

టేపక్క ఆమెని చంకల కింద పట్టి ఈడ్చుకెళ్లి పడుకోబెట్టింది. అదిమిపట్టిన తొడుగు నిలబడి ఉండగా విప్పితే మనిషి కళ్లు తిరిగి పడిపోతుంది. అది ఆమె ప్రతి పేషెంటుకీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పే మాట. కాళ్ల కింద పరుపు మడిచి పెట్టి, కింది హుక్కు నుంచి మొదలుపెట్టింది. తొడుగుకి ఇరవై ఆరు హుక్కులు. రెండింటికీ కలిపి యాభై రెండు. అన్నీ తన చేత్తో కుట్టినవే, ఒక్కటీ ఊడి రాదు.

"విప్పకక్కా. విప్పితే లోపలికొచ్చేస్తుంది" అంటూ చెల్లెలు చేతులు అడ్డం పెట్టింది. ఆ చేతుల్లో బలం లేదు. కర్టెన్ తీసే ఉంది. పొట్ట ఖాళీ అయిన బొమ్మ చీలిక తెరుచుకుని అటు నుంచి చూస్తూనే ఉంది. టేపక్క దానికి వీపు పెట్టి, ఒక్కొక్క హుక్కే తీసింది. ఆఖరిది వదలగానే చెల్లెలి ఒళ్లు పెద్దగా ఊపిరి తీసింది. అంచు చుట్ట చుట్టుకుని కుట్టు పక్కన చర్మం నల్లబడుతోంది, దాని మీద హుక్కుల అచ్చులు వరసగా దిగి ఉన్నాయి.

ఇంకో రెండు గంటలైతే ఆ చర్మం చచ్చేదని డాక్టరు అన్నాడు. కాళ్లలో నెత్తురు గడ్డకట్టలేదని పరీక్ష చేసి చెప్పాక టేపక్కకి ప్రాణం లేచొచ్చింది. అప్పటికి గానీ వార్డు బెంచీ మీద కూలబడి ఏడవలేదు.

"ఎందుకు చేశావే?" అని మర్నాడు అడిగింది.

"మెడ దగ్గర చీటీ చూశానక్కా. మూటని ఆపరేషన్ గదిలో వదిలేసి వచ్చాననుకున్నాను. వచ్చి చూస్తే నీ ఇంట్లో నిలబడి ఉంది."

"ఆ పేరు పెట్టింది నేనే. తప్పు నాదేనే" అంది టేపక్క. చెల్లెలు కాదనలేదు.

రెండు రోజులు వార్డులో ఉంచి పంపించారు. ఆ రెండు రోజుల్లో టేపక్క కొలతల గదిలో ఏదో సర్దింది. తర్వాత పది రోజులు చెల్లెలు డాక్టరు చెప్పినట్టే, వీపు వెనక పెద్ద దిండు పెట్టుకుని సగం కూర్చునే పడుకుంది. పదో రోజు సాయంత్రం, వాపు ఎక్కువగా ఉండే వేళ చూసి, టేపక్క మెడలోని టేపు తీసింది. బొమ్మ లేదు. చెల్లెలి ఒంటికే, నేరుగా. కొలతలు ఎప్పుడూ మనసులోనే అనుకునే మనిషి, ఆ రోజు పైకి చదివింది. చెల్లెలు తలూపుతూ వింది. అంచు కింద దూర్చాల్సిన రెండు వేళ్లూ చెల్లెలివే దూర్పించింది.

"బొమ్మ ఏమైంది?" అని అడిగింది చెల్లెలు.

"కర్ర మిగిలింది."

"దూది?"

టేపక్క టేపు చుట్టుకుంటూ గడ్డంతో చూపించింది. "నీ వీపు వెనక. దాంట్లోదీ, నీ సంచీలోదీ, అంతా."

చెల్లెలు కదల్లేదు. మొహంలో రంగు మారింది. లేచిపోతుందేమోనని టేపక్క చెయ్యి చాపి సిద్ధంగా ఉంది. చాలాసేపటికి చెల్లెలు చేతిని వెనక్కి పోనిచ్చి దిండుని తడిమింది.

"పది రోజుల నుంచీనా?"

"పది రోజుల నుంచీ."

"అందుకేనేమో" అంది చెల్లెలు. "నేను లేచి బాత్రూముకి వెళ్లొచ్చినా, ఇది వెచ్చగానే ఉంటుందక్కా."

టేపక్క చాపిన చెయ్యి దిండుకి తగలకుండా వెనక్కి లాక్కుంది. చెల్లెలు మాత్రం మెల్లగా వెనక్కి వాలి, బరువంతా దాని మీద వేసి కళ్లు మూసుకుంది.