బంతి కొనని వాళ్ళు

ఆ వీధిలో అందరూ ఆయన్ని అనుమానాల బాబాయి అంటారు. చాటుగా కాదు, ఎదుటే అంటారు, ఆయనా పలుకుతాడు. ఆటసామాన్ల దుకాణం ఆయనది. పైన వలలో వేలాడే ఫుట్‌బాళ్ళు, గోడ పొడుగునా నిలబెట్టిన క్రికెట్ బ్యాట్లు, వాటి పక్కన స్టూలు, స్టూలు మీద ఈయన. లోపలికొచ్చిన మనిషి మొహం కంటే ముందు చేతులు చూస్తాడు.

బ్యాటు అడిగితే చాలు, "మరి బంతి?" అంటాడు. వద్దన్నారా, అయిపోయినట్టే. ఏ జట్టు, ఎక్కడ ఆడతారు, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అని పోలీసులు కూడా అడగనన్ని ప్రశ్నలు. ఒక వ్యాయామం మాస్టారు బడి కోసం బ్యాట్లు మాత్రమే అడిగితే, బంతులు బళ్ళో ఉన్నాయని హెడ్మాస్టరు చేత ఫోనులో చెప్పించేదాకా ఇవ్వలేదు. "వచ్చిన బేరాన్ని కాలదన్నుకోవడంలో మీ తర్వాతే ఎవరైనా" అని ఇల్లాలు దెప్పేది.

ఈ జబ్బు ఆయనకి ఊరికే పట్టుకోలేదు. కొన్నేళ్ళ కిందట ఒక ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బ్యాటు తెచ్చి చూపించాడు. పిడి కింద ఈ దుకాణం స్టిక్కరే ఉంది. బండి నిలుపుకునే చోటు కోసం మాటా మాటా పెరిగి, ఒకడు దాంతో ఇంకొకడి దవడ విరగ్గొట్టాడట.

"ఎవరికి అమ్మారో గుర్తుందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎంతోమంది కొంటారు సార్. నేనమ్మింది ఆడుకోవడానికే."

"వాడికి కలిసొచ్చింది అదేనండీ. కత్తి పట్టుకు తిరిగేవాణ్ణి ఎవరైనా ఆపుతారు. బ్యాటు పట్టుకు తిరిగేవాణ్ణి ఎవరాపుతారు? చేతిలో ఇది లేకపోతే ఆ గొడవ తిట్లతో పోయేది."

ఆ మాట బాబాయి గుండెల్లో దిగబడిపోయింది. దెబ్బతిన్న మనిషిని ఆయన కళ్ళారా చూడలేదు, అయినా అన్నం సయించలేదు. తన సరుకుతో ఇంకెవరి ఎముకా విరగకూడదని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ఇంత జాగ్రత్త గల మనిషి దగ్గరికి ఒకరోజు అల్లుడొచ్చాడు. నలుగురి దగ్గరా వాకబు చేసి బాబాయే ఏరికోరి తెచ్చుకున్న అల్లుడు. మెత్తటి మాట, ఇస్త్రీ చొక్కా, మామగారు ఎదురైతే చేతిలో సంచి అందుకునే మర్యాద.

"ఆఫీసులో మ్యాచ్ పెట్టారు మావయ్యా. బ్యాటొకటి కావాలి, కాస్త బరువుగా ఉండాలి."

బాబాయి ఉన్నవాటిలోకెల్లా మంచిది తీసి, తుడిచి మరీ చేతిలో పెట్టాడు. అల్లుడు బంతి మాట ఎత్తలేదు, మామగారికీ తట్టలేదు. ఇంటివాణ్ణి ఎవరడుగుతారు? పైగా సాయంత్రం భార్య దగ్గర "మనవాడికీ ఆటలంటే సరదానేనే" అని మురిసిపోయాడు.

తర్వాత కూతురు పుట్టింటికి రావడం తగ్గింది. ఫోను చేస్తే పొడిపొడిగా రెండు మాటలు, అంతే. ఉన్న అనుమానమంతా దుకాణానికే ఖర్చయిపోయి ఇంటికి మిగల్లేదు కాబోలు, పనుల్లో తీరిక దొరకడం లేదులే అనుకున్నాడు ఆ తండ్రి.

ఒక మధ్యాహ్నం ఆమె దుకాణానికి వచ్చింది. అంత ఎండలోనూ మణికట్టు దాకా చేతులున్న కుర్తా వేసుకుంది. తెచ్చిన బ్యాటు కౌంటర్ మీద పెట్టింది.

"పిడి వదులైంది నాన్నా. మార్చి ఇంకోటి పట్టుకురమ్మన్నారు. బయట బండి మీదున్నారు."

బాబాయి బ్యాటు అటూ ఇటూ తిప్పి చూశాడు. చెక్క మీద బంతి తగిలిన మచ్చ ఒక్కటీ లేదు. అంచున మాత్రం నీలం రంగు పెచ్చు అంటుకుని ఉంది. కూతురి పడకగది తలుపు రంగు అది.

"దేన్ని కొట్టాడమ్మా?"

"తలుపుని."

"తలుపు వెనక ఎవరున్నారు?"

ఆమె కుర్తా చెయ్యి కిందికి లాక్కుంది. ఆయన ఆ చెయ్యి పట్టుకోగానే నొప్పికి కళ్ళు మూసుకుంది. కుర్తా చెయ్యి మెల్లిగా పైకి తోసి చూస్తే, మోచేతి దాకా కమిలిపోయి ఉంది.

"మార్చి ఇచ్చెయ్ నాన్నా. ఉత్త చేతులతో వెళ్తే ఇంకా కోపమొస్తుంది," అంది గొంతు తగ్గించి.

బాబాయికి ఒళ్ళంతా భగ్గుమంది. గోడ పొడుగునా బ్యాట్లే, చెయ్యి చాపితే అందుతాయి. చాపాడు కూడా. మళ్ళీ తనే బలవంతాన ఆ చేతిని వెనక్కి తీసుకున్నాడు. కూతుర్ని కౌంటర్ లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టి, వట్టి చేతులతో గుమ్మంలోకి నడిచాడు. లోపల భయంగానే ఉంది.

"అమ్మాయి ఇక్కడే ఉంటుంది. నువ్వెళ్ళు బాబూ."

అల్లుడు బండి దిగి, ఎప్పటిలాగే మెత్తగా నవ్వాడు. "అదేంటి మావయ్యా, ఆఖరికి నా మీద కూడా అనుమానమేనా?"

"నీ ఒక్కడి మీదే లేకుండా పోయిందయ్యా," అన్నాడు బాబాయి, గుమ్మానికి అడ్డంగా నిలబడి.